డెబ్బై ఒకటో డిగ్రీ మంట

నా సర్వీసులో ఎన్ని మంటలు ఆర్పానో నాకే లెక్క తెలియదు. వాటిలో ఒకటి మాత్రం, పూర్తిగా ఆర్పేశానని నేను సంతకం పెట్టి రాసిచ్చిన తర్వాత కూడా మండుతూనే ఉంది. ఇప్పటికీ మండుతోంది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కొత్తగా ఖాకీ చొక్కా తొడుక్కున్న పిల్లలు అప్పుడప్పుడూ ఖమ్మంలో మా ఇంటికి వస్తారు. టేకు దొంగల వెంట పడిన కథలు, ఎలుగుబంటి ఎదురైన కథలు అడుగుతారు. అవి బోలెడున్నాయి, ఒకటికి రెండు కలిపి చెబుతాను కూడా. ఈ కథ మాత్రం నోటితో మొదలుపెడితే, నాకు తెలియకుండానే నా తప్పు తగ్గించేసుకుంటున్నాను. రెండుసార్లు అలాగే జరిగింది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. కాగితం మీద అబద్ధం రాస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

మాది వేంసూరు వైపు వ్యవసాయ కుటుంబం. అటవీ శాఖలో కింది నుంచి మొదలుపెట్టి, ఆఖరికి డిప్యూటీ రేంజర్‌గా పినపాక అవతలి అడవిలో ఒక సెక్షన్‌కు వెళ్లాను. రిటైర్మెంటుకు అప్పటికి ఏడాది ఉంది. అనుమానం పెనుభూతం అంటారు. మా ఉద్యోగంలో అదే పెద్ద అర్హత. కట్టెల మోపు కనిపిస్తే లోపల ఏముందని చూడాలి, ఎద్దుబండి ఖాళీగా వెళుతుంటే ఎందుకు ఖాళీగా వెళుతోందని అడగాలి. ఆ బుద్ధి ఆఫీసులో వదిలి ఇంటికి వచ్చేవాణ్ని కాదు. గ్యాస్ బండ చెప్పిన రోజుకే వస్తే, ఇంత జల్దీ ఎందుకు తెచ్చావని అడిగే మనిషినని మా ఆవిడ పది మందిలో చెప్పి నవ్వేది.

ఎండాకాలం వచ్చిందంటే మా అందరికీ మంటల కాలం. ఆకు రాలిపోయి అడవి నేలంతా గలగలమంటూ ఉంటుంది. ఇప్పపూలు ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఎవరో చిన్న నిప్పు పెడతారు, అది గుట్ట దాటిపోతుంది. ఈ మంటలు కనిపెట్టడానికి మా సెక్షన్‌లో రెండు చోట్ల కాపలా ఉండేది. ఒకటి ఉత్తరాన పెద్ద బండ మీద, ఇంకోటి దక్షిణాన ఇనుప టవర్ మీద. రెంటికీ మధ్య ఎనిమిది కిలోమీటర్లు. ఒక్కో చోట ఒక ఫైర్ వాచర్, ఒక కంపాస్, ఒక రిజిస్టర్, ఒక వాకీటాకీ. వెలుగు కనిపించగానే అది ఉత్తరం నుంచి ఎన్నో డిగ్రీలో ఉందో, ఎన్ని గంటలకు కనిపించిందో రాయాలి. మేం ఆఫీసులో మ్యాపు మీద రెండు చోట్ల నుంచీ ఆ డిగ్రీలకు గీతలు గీస్తాం. గీతలు ఎక్కడ కలిస్తే మంట అక్కడ ఉన్నట్టు. ఉపగ్రహం నుంచి ఫోన్లకు కబుర్లు వచ్చే ఈ రోజుల్లో కూడా నాకు ఆ రెండు గీతల మీదే నమ్మకం.

బండ మీద వాచర్ మా వైపు నుంచి వచ్చి స్థిరపడిన రైతుల మనిషి. మామిడికాయల కాలంలో ఒక సంచి మా ఇంటికి చేరేది. టవర్ మీద వాచర్ సెక్షన్‌కు తూర్పున ఉన్న గుట్ట కింది ఊళ్లోని కోయ మనిషి. పద్నాలుగు ఎండాకాలాలు ఆ టవర్ ఎక్కిన మనిషి. ఇచ్చిన పని తప్ప ఇంకో మాట ఉండేది కాదు. అతని బామ్మర్ది ఎప్పుడో టేకు బండితో పట్టుబడ్డాడని పాత ఫైల్లో ఉంది. ఆ ఒక్క ముక్క నా బుర్రలో మేకులా దిగిపోయింది.

ఆ ఏడు అతనికి ఒక ఆశ ఉంది. ఎండాకాలం మూడు నెలల పని కాకుండా, ఏడాది పొడుగునా పని ఉండే బేస్ క్యాంపు వాచర్ల జాబితా తయారవుతోంది. మా సెక్షన్ నుంచి ఒక్క పేరు. ఏళ్ల ప్రకారం చూస్తే అతనిదే. ఏప్రిల్ నెల మధ్యలో నేను పంపాలి.

ఇంకొక సంగతి ముందే చెప్పాలి. అంతకు ముందు ఏడాది అతను ఒక వెలుగు చూసి, అది పశువుల కాపర్ల పొయ్యి అనుకుని రాయలేదు. తెల్లారేసరికి అది పెద్ద మంటయి కూర్చుంది. అప్పుడు నేను ఇద్దరు వాచర్లనూ నిలబెట్టి గట్టిగా చెప్పాను. కనబడింది రాయండి, అదేంటో ఆలోచించకండి. రిజిస్టర్లో ఆఖరి గడి, రిమార్కు గడి, అధికారులది. దాన్లో మీ పెన్ను పడకూడదు.

మార్చి ఆఖర్లో ఒక సాయంత్రం ఏడు నలభైకి టవర్ నుంచి వాకీటాకీ మోగింది.

"సార్, తూర్పు గుట్ట మీద ఎర్రగ అగుపడ్డది. డెబ్బై ఒకటి. గని చుక్క లెక్కున్నది సార్."

"ఏంటన్నది నేను చూసుకుంటానయ్యా. నువ్వు డిగ్రీ రాయి, టైం రాయి."

"అవ్ సార్."

ఆఫీసు వరండాలోంచి నేనూ చూశాను. చెట్ల సందులోంచి, పొగమసకలో, గుట్ట అంచును ఆనుకుని నారింజరంగు వెలుగు మినుకు మినుకుమంటోంది. మంట రంగు చూసి వేడి చెప్పడం మాకు అలవాటు. తెల్లగా ఉంటే ఎక్కువ వేడి, ఎర్రబడే కొద్దీ తక్కువ. ఇది ఎండుటాకు మంట, ఇప్పుడే పెట్టారు అనుకున్నాను. వెలుగు నా కంటికే కనబడుతుంటే గీతలెందుకని మ్యాపు తియ్యకుండానే జీపెక్కాను. వెలుగు కనిపించిన రెండు నిమిషాల్లో బయలుదేరడం నా పద్ధతి, ఆ పద్ధతికి నాకు మంచి పేరు కూడా ఉండేది.

గుట్ట కింద జీపు ఆపి ముళ్లపొదల్లోంచి పైకెక్కేసరికి గంటన్నర పట్టింది. పైన ఏమీ లేదు. బూడిద లేదు, పొగ వాసన లేదు, వేడి రాయి లేదు. మర్నాడు మళ్లీ అదే డెబ్బై ఒకటి, మళ్లీ ఏమీ లేదు. మూడో రోజూ అంతే. ఉపగ్రహం కబురు కూడా రాలేదు. మామూలు మనిషయితే అక్కడ మంట లేదేమో అనుకుంటాడు. నేను మాత్రం, ఉపగ్రహానికి దొరకనంత చిన్న నిప్పు పెట్టి, మేం బయలుదేరగానే ఆర్పేసి పోతున్నారంటే ఎంత తెలివైన దొంగలో అనుకున్నాను. టేకు బండ్లకు సైగ ఇస్తున్నారని తేల్చుకున్నాను. మేం బయలుదేరే సంగతి వాళ్లకు ఎవరు చెబుతున్నారన్నదే మిగిలింది.

నాలుగో రోజు నుంచి ఎటు వెళుతున్నామో డ్రైవర్‌కు చెప్పడం మానేశాను. మలుపు వచ్చినప్పుడు భుజం తట్టి చెయ్యి చూపించేవాణ్ని. గుట్ట మీద ఒక బీడీ ముక్క దొరికితే ప్లాస్టిక్ కవర్లో వేసి తారీకు రాసి బీరువాలో పెట్టాను. అది మా డ్రైవర్ తాగి పడేసిన బీడీయేనని తర్వాత తేలింది.

రిజిస్టర్లు తెప్పించుకుని చూశాక నా అనుమానానికి కాళ్లొచ్చాయి. మొదటి రోజు ఏడు నలభై. మర్నాడు ఏడు ముప్పై ఆరు. ఆ మర్నాడు ఏడు ముప్పై రెండు. రోజుకు సరిగ్గా నాలుగు నిమిషాలు ముందుకు. ఇది గాలివాటపు మంట కాదు, లెక్క ప్రకారం నడుస్తున్న వ్యవహారం అని నాకు రూఢి అయింది. లెక్క అన్నది దొంగకే ఉంటుందని ఎందుకనుకున్నానో ఇప్పటికీ తెలియదు.

ఈలోగా పైఆఫీసు నుంచి రోజూ ఒకటే ప్రశ్న. రిజిస్టర్లో వారం నుంచి వెలుగు చూపిస్తున్నారు, ఏం చర్య తీసుకున్నారు? ఏమీ దొరకలేదని రాస్తే చేతకానివాడినవుతాను. ఎక్కడో ఆకు కాలే ఉంటుంది, చీకట్లో మాకు కనబడలేదంతే అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నా చేత్తో రాశాను. "తూర్పు గుట్టపై సుమారు అర ఎకరం మేర ఎండుటాకు కాలినది. సిబ్బంది సహాయంతో మంటను పూర్తిగా ఆర్పివేయడమైనది." సంతకం, ముద్ర. ఆ రోజు అన్నం బాగానే తిన్నాను, నిద్ర కూడా బాగానే పట్టింది. అది చెప్పకపోతే ఇది రాయడమే దండగ.

పదో రోజున రేంజర్ గారు ఆ మంట చోటు మ్యాపు మీద గుర్తుపెట్టి పంపమన్నారు. నేను స్కేలు తీసుకుని బండ దగ్గర నుంచి డెబ్బై ఒకటికి ఒక గీత గీశాను. టవర్ దగ్గర నుంచి ఇంకో గీత. టవర్ రిజిస్టర్లో కూడా డెబ్బై ఒకటే. రెండు గీతలూ ఎడ్లబండి చాళ్లలా పక్కపక్కనే మ్యాపు అంచు దాకా వెళ్లిపోయాయి గానీ ఎక్కడా కలవలేదు. స్కేలు వంకరేమోనని ఇంకోటి తెచ్చుకున్నాను. అవీ కలవలేదు.

ఎనిమిది కిలోమీటర్ల ఎడంలో కూర్చున్న ఇద్దరు మనుషులకు ఒకే గుట్ట మీది మంట ఒకే డిగ్రీలో కనబడటం జరగని పని. ఒకడు చూసి రాశాడు, రెండోవాడు వాకీటాకీలో విన్నది రాశాడు. అంటే రెండోవాడు టవర్ ఎక్కలేదు, లేదా ఎక్కి కూడా దొంగలను కాపాడుతున్నాడు. రెండోవాడెవరో నేను ఆలోచించాల్సిన పనే పడలేదు, మొదటి రోజు ముందు చెప్పింది టవర్ మనిషేనన్నది కూడా గుర్తు రాలేదు. మామిడికాయల సంచీ, టేకు బండీ రెండూ నా తలలో సిద్ధంగానే ఉన్నాయి.

పిలిపించాను. అతను వచ్చి ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"పది రోజుల నుంచి పక్కోడి అంకె రాస్తున్నావు. టవర్ ఎక్కావా అసలు?"

"ఎక్కిన సార్. దిగలే."

"మరి ఇద్దరికీ ఒకటే డిగ్రీ ఎట్లా వచ్చింది?"

"నాకేమెర్క సార్. ముల్లు ఏడ ఆగితె గదే రాసిన."

"మీ బామ్మర్ది ఏం చేస్తున్నాడిప్పుడు?"

ఆ ప్రశ్నకు ముందు వరకు అతను భయంగానే ఉన్నాడు. ఆ ప్రశ్న తర్వాత భయం పోయింది, మర్యాద మాత్రం మిగిలింది.

"మిరపకాయ ఏరబోయిండు సార్. నన్ను గూడ పొమ్మంటరా?"

పొమ్మన్నాను. వాకీటాకీ, కంపాస్, రిజిస్టర్ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. జాబితాలో అతని పేరు కొట్టేసి బండ మీద వాచర్ పేరు రాశాను. ఇంకా పంపలేదు, అంతే.

టవర్‌కు మా బీట్ ఆఫీసరమ్మను పంపాను. కొత్తగూడెం పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, డిగ్రీలో ఫిజిక్స్ చదివింది. మొదటి సాయంత్రమే ఆమె గొంతు వినిపించింది. "సార్, డెబ్బై ఒకటి."

నా మనసు ఎంత వక్రంగా పనిచేసేదో చూడండి. ఈమె కూడా వాళ్లతో కలిసిపోయిందా అనుకున్నాను. ఒక్కరోజులోనా అని కూడా అనుకోలేదు.

మర్నాడు ఆమెను బండ మీదికి పంపి, నేనే టవర్ ఎక్కాను. మోకాళ్లు పట్టేసినా ఎక్కాను. సూర్యుడు పోయాక గుట్ట అంచు నల్లబడింది. ఏడు కొట్టేలోగానే ఆ నారింజ వెలుగు అంచు మీద పొడుచుకొచ్చింది. కంపాస్ కంటికి పెట్టుకున్నాను. డెబ్బై ఒకటి. కంపాస్ అద్దం తుడుచుకుని మళ్లీ చూశాను. డెబ్బై ఒకటి. వాకీటాకీలో ఆమె కూడా అదే చెప్పింది. నేను చెప్పకముందే చెప్పింది.

"కంపాస్‌లు రెండూ పాడయ్యాయి," అన్నాను.

"రెండూ ఒక్క తీరుగ పాడైతయా సార్?"

నేను మెట్ల వైపు తిరిగాను. జీపు కింద సిద్ధంగా ఉంది.

"సార్, ఒక్కమాట. దిగకండ్రి. ఇంకో అరగంట గాడనే కూసోండ్రి."

"ఎందుకమ్మా?"

"ఊకె సార్. చూస్త కూసోండ్రి."

ముప్పై అయిదేళ్లలో మంట కనబడ్డాక అరగంట కూర్చుని చూడటం అదే మొదటిసారి. ముందు పది నిమిషాలు ఆమె నన్ను ఎందుకు ఆపుతోందా అని ఆలోచించాను. తర్వాత చూడటం మొదలుపెట్టాను. వెలుగు గుట్టను వదిలింది. దానికీ గుట్టకూ మధ్య సన్నగా ఆకాశం కనబడింది. అరగంటయ్యేసరికి చెయ్యి చాపి చూస్తే బెత్తెడు ఎత్తులో ఉంది. కింద చెట్టు లేదు, కొమ్మ లేదు. మినుకుమనడం తగ్గి నిలకడగా వెలుగుతోంది. జీపు తాళం జేబులో పెట్టుకుని అక్కడే కూలబడ్డాను.

మర్నాడు పొద్దున ఆమె ఆఫీసుకు వచ్చి మ్యాపు మీద నా రెండు గీతలు చూపించింది.

"మీరు కరెక్టుగనే గీసిన్రు సార్. గీతలు కలవకపోతె ఒకడు దొంగ అనుకున్నరు. వస్తువు మస్తు దూరమున్నా కలవయి."

"ఎంత దూరం?"

"గా వెలుగు మనదాంక రానీకె ముప్పై ఆరు, ముప్పై ఏడేండ్లు పట్టేంత. స్వాతి నక్షత్రం సార్ గది."

స్వాతి. వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టి, స్వాతి కార్తెలో వాన పడితే చేనుకు మంచిదో చెడ్డదో నోటికి చెప్పగలిగిన నాకు, స్వాతి ఆకాశంలో ఎలా ఉంటుందో తెలియదు. ఆ కార్తె రోజుల్లో సూర్యుడు అటువైపే ఉంటాడు కాబట్టి అది సరిగ్గా కనిపించదట. చిన్నప్పటి నుంచీ పేరే తెలిసిన మనిషి ఎదురైతే, దొంగ అని కేసు పెట్టినట్టయింది నా పని.

అప్పటి నుంచి దాని గురించి దొరికిందల్లా చదివాను. అది వయసు మళ్లిన నక్షత్రం. బరువు ఇంచుమించు మన సూర్యుడంతే, ఎక్కువైనా కొంచెమే. నడిబొడ్డున ఉన్న హైడ్రోజన్ ఇంధనం అయిపోయింది. అయిపోయాక నక్షత్రం ఆరిపోదట, ముందు ఉబ్బుతుందట. మన సూర్యుడు శనగగింజైతే, ఇది గుమ్మడికాయ. అడ్డంగా పాతిక రెట్లు. అంత ఉబ్బడం వల్ల పైపొర చల్లబడి నారింజరంగుకు దిగింది. సూర్యుడి పైన అయిదున్నర వేల డిగ్రీల వేడి ఉంటే, దీని మీద నాలుగు వేల పైచిలుకు. అయినా ఒళ్లు పెద్దది కాబట్టి మొత్తం మీద సూర్యుడికంటే వంద రెట్లకు పైగా వెలుగు పోస్తుంది. మన సూర్యుడికీ ఎన్నో కోట్ల ఏళ్ల తర్వాత ఇదే గతి. రోజుకు నాలుగు నిమిషాలు ముందు రావడం దాని గొప్పేమీ కాదు, భూమి సూర్యుడి చుట్టూ జరుగుతోంది కాబట్టి చుక్కలన్నీ అలాగే వస్తాయి. రంగు చూసి సూర్యుడికంటే వేడి తక్కువ అని చెప్పి ఉంటే నేను సరిగ్గా చెప్పినట్టే. అర ఎకరం ఎండుటాకు అన్న దగ్గరే కొంచెం తేడా వచ్చింది.

ముప్పై ఏడేళ్లు అన్న మాట మాత్రం నాకు వేరేగా తగిలింది. నేను ఉద్యోగం కాగితం చేతపట్టుకుని మొదటిసారి అడవికి వచ్చిన రోజులకు ఒకటి రెండేళ్లు ఇటో అటో, ఆ వెలుగు అక్కడ బయలుదేరింది. అది ఒక్క వంకర లేకుండా నా దగ్గరికి వచ్చింది. నేను వంకర తిరిగి దాని దగ్గరికి వెళ్లాను.

ఆమె మ్యాపు చూపించిన సాయంత్రమే టవర్ వాచర్ ఊరికి వెళ్లాను. అతని భార్య వాకిట్లో చాప మీద ఇప్పపూలు ఆరబోస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"మిరప చేన్ల కెల్లి ఇంక రాలే," అంది. పూలను చేత్తో తిప్పుతూ, "రాయమన్నదే రాసిండు గద సార్. వద్దంటె రాయకపోతుండె," అంది.

నిలబడే ఉన్నాను. అతను వచ్చాడు, చేతులు మిరప ఘాటుకు మండుతున్నాయేమో బూడిద రాసుకుని తొట్లో కడుక్కున్నాడు. అప్పుడు చెప్పాను. "అది చుక్కేనయ్యా. నాదే తప్పు."

"అవ్ సార్. మొదటి దినమే చెప్పిన గద." మాటలో ఎత్తిపొడుపు లేదు. "మా అయ్య ఇప్పపూలకు లేశేటందుకు దాన్నే చూస్తుండె. గది పడమటికి వాలితె గంప తీస్తుండె."

"మరి ఆ రోజు గట్టిగా చెప్పొచ్చు కదా నాకు."

"ఏంటన్నది నేను చూసుకుంట అన్నరు గద సార్."



మర్నాడు రేంజర్ గారికి అంతా చెప్పాను. ఆయన మంచివాడు, నన్ను కాపాడాలనే చూశాడు. "కంపాస్‌లు పాడైనయని రాయి. నువ్వు బచాయిస్తవ్, ఫైల్ బందైతది," అన్నాడు. అక్కడికక్కడే ఆయన బల్ల ముందు కూర్చుని లెక్క వేశాను. కంపాస్ పాడైందంటే గుట్ట మీద మంట నిజమని నిలుస్తుంది. మంట నిజమైతే, కారణం ఏదైనా టవర్ మీద మనిషి అంకె తప్పనే ఫైల్లో మిగులుతుంది. అతని అంకె నిజం కావాలంటే నా మంట అబద్ధం కావాలి. ఆ ఫైలంతా తిరగేశాను. బండ మీద వాచర్ రాసినవన్నీ నిజం. టవర్ మీద వాచర్ రాసినవన్నీ నిజం. ఫైలు మొత్తంలో అబద్ధం ఒకే ఒక్క చోట ఉంది, అది నా చేతిరాతలో, నా ముద్ర కింద ఉంది. ఇంతమందిని అనుమానించి, ఆ ఒక్కణ్నీ నేను అనుమానించలేదు.

రాసిచ్చాను. తూర్పు గుట్టపై మంట లేదని, అర ఎకరం కాలలేదని, నేను ఏమీ ఆర్పలేదని, కనిపించింది నక్షత్రమని. జాబితాలో అతని పేరు మళ్లీ రాసి పంపాను. పైఆఫీసులో కొన్నాళ్లు నవ్వుకున్నారు, చుక్కలార్పిన సార్ అని నాకో పేరు పడింది. చార్జి మెమో వచ్చింది, చీవాట్లు సర్వీసు పుస్తకంలోకి ఎక్కాయి. సిగ్గుపడ్డాను. ఇప్పటికీ పడుతున్నాను. అతని పేరు మాత్రం నిలిచింది. జూన్‌లో బేస్ క్యాంపులో చేరాడు.

మళ్లీ మార్చి వచ్చింది. నా రిటైర్మెంటుకు రెండు రోజులుందనగా టవర్ ఎక్కాను, అతనితో కలిసి. ఎండాకాలం కావడంతో బేస్ క్యాంపు నుంచి అతన్నే మళ్లీ అక్కడ వేశారు. మాట్లాడుకోవడానికి మా మధ్య పెద్దగా ఏమీ లేదు. ఆ ఏడు మంటలు తక్కువగా ఉన్నాయని అతనన్నాడు, నేను అవునన్నాను. ఏడు నలభై దాటాక గుట్ట అంచు మీద అదే నారింజ వెలుగు పొడుచుకొచ్చింది. అతను కంపాస్ కంటికి పెట్టుకుని చూసి, రిజిస్టర్ మోకాలి మీద పెట్టుకుని టైం రాశాడు, డెబ్బై ఒకటి అని రాశాడు. రాసి, పెన్ను ఆపాడు.

"ఈ గడి మీది గద సార్," అని రిజిస్టర్ నా వైపు తిప్పాడు.

"నువ్వే రాయి."

"ఏమని?"

"నీకేం తెలిస్తే అది."

మెల్లగా, అక్షరం అక్షరం దిద్దినట్టు రాశాడు. "చుక్క. మంట కాదు." కింద నా సంతకానికి జాగా వదిలాడు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. సంతకం పెట్టబోతూ నాకు తెలియకుండానే అతని చేతిలోంచి కంపాస్ తీసుకుని నేనూ ఒకసారి చూశాను. ముల్లు ఆగేదాకా అతను ఓపిగ్గా కూర్చున్నాడు.

"సరిపోయిందా సార్?" అన్నాడు.

సరిపోయిందన్నాను. కంపాస్ అతనికిచ్చి, సంతకం పెట్టాను.